ఏడో మేకు మీద పైలట్

ఆ ఆదివారం పొద్దున నూకరాజు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఇడ్లీ తినడం, తండ్రి ఫోటోని స్టూడియోకి పంపడం, మధ్యాహ్నం నిద్రపోవడం. రాయపూర్ రైల్వే వాగన్ రిపేరు షాపులో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన మనిషి ఒక్క పూటలో అంతకంటే ఎక్కువ పనులు పెట్టుకోడు.

ఫోటో గొడవ కాలనీ తెలుగు సంఘం వల్ల వచ్చింది. యాభై ఏళ్ళ కిందట ఏడుగురు కలిసి పెట్టిన సంఘం అది. హాల్లో వేదిక వెనక గోడకి ఏడు మేకులున్నాయి. ఆరు మేకులకి ఆరుగురు పెద్దలు దండలేసుకుని వేలాడుతున్నారు. ఏడో మేకు నూకరాజు తండ్రి అప్పలస్వామిది. ఆయన ఇంట్లో ఒక్క ఫోటో కూడా మిగల్చకుండా పోయాడు. తల్లి అప్పలనరసమ్మ ప్రతి ఉగాదికీ ముందు వరసలో కూర్చుని, కూచిపూడి చూడకుండా ఆ మేకునే చూసేది. ముప్ఫై ఏళ్ళుగా దాన్ని ఆవిడ చూసినంత శ్రద్ధగా, కొట్టినవాడు కూడా చూసి ఉండడు.

వచ్చే ఆదివారమే స్వర్ణోత్సవం. సెక్రటరీ మురళీమోహన్ ఖరాఖండిగా చెప్పేశాడు. "వీడియోలో ఖాళీ మేకు బాగోదండీ. శనివారం లోపల ఫోటో వస్తే సరే, లేదంటే గడియారం తగిలించేస్తాం."

భర్త ఉండాల్సిన చోట గడియారం వేలాడుతుందన్న మాట విన్నాక అప్పలనరసమ్మ రెండు రోజులు టైము అడగడం మానేసింది.

అదృష్టవశాత్తూ ట్రంకు పెట్టె అడుగున తపాలా బిళ్ళంత ఫోటో ముక్క దొరికింది. తండ్రి కూడా పనిచేసిన ఆ వాగన్ షాపు వాళ్ళ గ్రూపు ఫోటోలోంచి ఎవరో కత్తిరించినది. అందులో అప్పలస్వామితోపాటు పక్కవాడి చెవి కూడా ఉంది.

"ఇదెందుకురా నూకా? ఆయన బొమ్మల పుస్తకంలోనే ఉన్నారు కదా," అంది తల్లి.

"అమ్మా, అందులో ఉన్నోళ్ళందరూ దొరలే."

"నాకు ఆయనే సెప్పేరురా, ఇందులో నేనున్నాను అని."

నూకరాజు వాదించలేదు. ఎనభై ఏళ్ళ తల్లికి కళ్ళలో శుక్లాలున్నాయి, మనసులో భర్త ఉన్నాడు. ఏ పుస్తకంలోనైనా కనిపిస్తాడు.

బొమ్మల పుస్తకం అప్పలస్వామి ఆస్తి. ఫస్టు క్లాసు పెట్టెల్లో ప్రయాణికులు వదిలేసిన పాత ఇంగ్లీషు పత్రికల్లోంచి కత్తిరించి, మైదాపిండితో అంటించిన యుద్ధ విమానాల పైలట్లు. ఐదు శత్రు విమానాలు కూలిస్తే ఏస్ అంటారట. ఆ పుస్తకంలో ఐదుకి తక్కువ కూల్చినవాడికి చోటు లేదు. అందరికీ తోలు టోపీ, నుదుటి మీదకి తోసిన గాగుల్స్, గాలి లేకపోయినా ఎగిరే మఫ్లరు. ఆ పత్రికల ప్రకారం రెండో ప్రపంచ యుద్ధంలో ఒక్క పైలట్‌కీ జలుబు చేయలేదు, ఒక్కడికీ పళ్ళు పుచ్చలేదు. పాన్ డబ్బాకి ఆనుకున్నట్టు ప్రతివాడూ ప్రొపెల్లరుకి ఆనుకుని, పద్దెనిమిది విమానాలు కూల్చి ఇప్పుడే పళ్ళు తోముకొచ్చినట్టు నవ్వుతున్నాడు.

అప్పలస్వామి మాత్రం ఆ వీరుల్ని పట్టించుకోలేదు. ప్రతి బొమ్మ కిందా పెన్సిలుతో తెలుగులో రాసుకున్నాడు. "టైరులో గాలి తక్కువ." "ఈ ఇంజను సరిగా తుడవలేదు." రైల్వేకి రాకముందు, యుద్ధంలో నువ్వేం చేశావు తాతా అని ఎవరడిగినా ఆయనది ఒకటే జవాబట. "తుడిచేను." అందరూ నవ్వేవారట. ఆయన నవ్వేవాడు కాదు. ఆయన జీవితంలో నవ్వడం ఎవరూ చూడలేదు.

ఫోటో ముక్క మడత పడకుండా తల్లే దాన్ని ఆ పుస్తకంలో పెట్టింది. ఏళ్ళ తరబడి భర్త తెరిచి తెరిచి, పట్టుకోగానే దానంతట అదే తెరుచుకునే పేజీలో. నూకరాజు ఆ పేజీ అడుగున హిందీలో ఒక చీటీ గుండుసూదితో గుచ్చాడు. "ఒక్క మనిషే ఉండాలి. ఇంకెవరున్నా తీసేయాలి. పెద్ద సైజు. సీదా హాలుకి పంపాలి." పుస్తకాన్ని కొడుకు పృథ్వీ చేతికిచ్చాడు.

పృథ్వీకి ఇరవై రెండేళ్ళు. స్టూడియోకి వెళ్ళే దారిలో టీ కొట్టు దగ్గర స్కూటర్ ఆపి, ఫ్రెండ్స్‌కి ఏస్‌లందర్నీ చూపించి, పేజీలు విదిలించి, మళ్ళీ మూశాడు. ఫోటో ముక్క ఆ చెవితో సహా ఎటు ఎగిరిపోయిందో ఇప్పటికీ తెలియదు. చీటీ మాత్రం గట్టిగా ఉంది.

శనివారం రాత్రి ఎనిమిదింటికి నూకరాజు తల్లిని తీసుకుని హాల్లో అడుగుపెట్టేసరికి ఏడో మేకు నిండుగా ఉంది.

తోలు టోపీ. గాగుల్స్. ముప్ఫై రెండు పళ్ళూ బయటపెట్టిన నవ్వు. స్టూడియో సందీప్ తన తరఫున దొరకి చామనఛాయ వేశాడు. ఆంధ్రా కస్టమర్లకి ఫోటోలో బొట్టు పెట్టివ్వడం అతని ఆనవాయితీ. గాగుల్స్‌కీ కనుబొమలకీ మధ్య ఉన్న కొద్దిపాటి జాగాలో ఎర్రటి బొట్టు చక్కగా కుదిరింది. కింద "స్వర్గీయ శ్రీ అప్పలస్వామి గారు" అని ఉంది.

మురళీమోహన్ కళ్ళనీళ్ళతో పరుగెత్తుకొచ్చాడు. "ఏటండీ నూకరాజు గారూ! మీ నాన్నగారు ఫైటర్ పైలటని ఒక్క మాట సెప్పలేదేటండీ ఇన్నేళ్ళూ!"

నూకరాజు నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే తల్లి తడుముకుంటూ వెళ్ళి ఫ్రేము అంచు పట్టుకుంది. "వొచ్చేరా?" అని అడిగింది, ఫ్రేముని. అంతే, నూకరాజు నోరు మూసుకుంది. తర్వాత దాన్ని తెరవడానికి ఇరవై గంటలు పట్టింది.

ఆ ఇరవై గంటల్లో అప్పలస్వామి సాధించినది చరిత్రలో ఏ వైమానిక దళమూ సాధించలేదు. శనివారం రాత్రి భోజనాల దగ్గర ఆయన పద్దెనిమిది విమానాలు కూల్చాడు. ఆదివారం ఉప్మా వేళకి ఇరవై ఏడయ్యాయి. పది గంటలకి పెట్రోలు అయిపోయి రాయపూర్ పక్కనున్న ఆరంగ్ దగ్గర మహానదిలో ఇసుక మీద దిగి, స్నానం చేసి, మళ్ళీ ఎగిరాడు. పెట్రోలు ఎక్కడిదని ఎవరూ అడగలేదు.

"నిజమేనా బాబూ?" అని పృథ్వీని అడిగారు ఆడవాళ్ళు.

"ఏమో ఆంటీ, తాత ఎక్కువ చెప్పుకునే రకం కాదు," అన్నాడు పృథ్వీ ముఖంలో ఒక్క గీత కదలకుండా. "ఇంట్లో కూడా ప్రొపెల్లర్ తిరుగుతుంటే దాని కిందే పడుకునేవాడంట. కరెంటు పోతే నిద్ర పట్టేది కాదంట."

నూకరాజు కొడుకుని పక్కకి లాగాడు. "ఒరే, అది సీలింగు ఫేను కదరా!"

"నేను కాదన్లేదు కదా నాన్నా."

ఏడింటిలో మధ్య మేకు మీద ఉన్నది అమ్మిరాజు తండ్రి. అమ్మిరాజుకి స్టీలు వ్యాపారం, ఆ హాలుకి రేకులు వేయించింది అతనే. మురళీమోహన్ నిచ్చెన తెచ్చి ఆ పెద్దాయన్ని ఏడో మేకుకి మార్చి, పైలట్‌ని మధ్యలో పెట్టాడు. "మా నాన్నని మూలకి తోసేస్తారా? ఎన్ని కూల్చేడో కాగితం చూపించండి!" అని అమ్మిరాజు ఎగిరాడు. కాగితం ఎందుకు, మనిషినే తెస్తాం అని మురళీమోహన్ నయా రాయపూర్ రోడ్డులో ఉండే ఎయిర్‌ఫోర్సులో రిటైరైన వింగ్ కమాండర్ భీమారావుని ముఖ్య అతిథిగా పిలిచేశాడు.

భీమారావు నాలుగింటికి వచ్చాడు. ఫోటో ముందు నిలబడి నిమిషం పాటు చూశాడు. నూకరాజు ఓ కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

"ఈయన మీ తెలుగాయనా?"

"సికాకుళం సార్," అన్నాడు మురళీమోహన్ గర్వంగా, మైకు అందిస్తూ.

"చిత్రంగా ఉందే! చిన్నప్పుడు నా హాస్టల్ గోడ మీద ఈ బొమ్మే ఉండేది. ఈయన దొర. అప్పుడు బొట్టు లేదు."

మైకు ఆన్‌లో ఉంది. ఆ మాట హాలు దాటి, పార్కింగు దాటి, బయట చాట్ బండి దాకా వినిపించింది. రెండు వందల మంది నూకరాజు వైపు తిరిగారు.

నూకరాజు లేచాడు. "తప్పు నాదేనండీ. స్టూడియోవాడు వేరే బొమ్మ పెద్దది సేసేడు. నిన్నే సూసేను. సెప్పీవాణ్ణే... మా అమ్మ ముప్ఫై ఏళ్ళ నించి ఆ మేకునే సూస్తోంది. మళ్ళీ ఖాళీ అయిపోద్దని సెప్పలేకపోయేను."

"హమ్మయ్య!" అన్నాడు అమ్మిరాజు. "ముందు మా నాన్నని మధ్యకి తెండి. గడియారం ఎక్కడుందయ్యా?"

అప్పలనరసమ్మ ముందు వరసలో, ఒళ్ళో చేతులు పెట్టుకుని, ఫోటో దించుతున్న చప్పుడు వింటోంది. నూకరాజు బల్ల మీద సిద్ధంగా ఉన్న గడియారం వైపు చూశాడు. నాలుగూ పది. తన జీవితంలో అంత చెడ్డ టైము అతను చూడలేదు.

"ఆ బొమ్మ ఎక్కడ దొరికింది మీకు?" అని అడిగాడు భీమారావు.

పృథ్వీ ఈసారి జోకు వేయలేదు. సందీప్ వీడియో తీస్తూ మూలన ఉన్నాడు. అతని సంచీలోంచి పుస్తకం లాక్కుని తెచ్చాడు. పట్టుకోగానే అది దానంతట అదే ఆ పేజీకి తెరుచుకుంది. ప్రొపెల్లరుకి ఆనుకుని దొర నవ్వుతున్నాడు. వెనకాల, రెక్క కింద, ఒక సన్నటి మనిషి చేతిలో గుడ్డతో ఇంజను వైపు చూస్తూ నిలబడ్డాడు.

"మీరు పెద్దది చేసినదాంట్లో ఇతను లేడే?" అన్నాడు భీమారావు.

సందీప్ కంగారుగా ముందుకొచ్చాడు. "ఆర్డర్ మే ఏక్ హీ ఆద్మీ లిఖా థా సార్, ఒక్క మనిషే అని. వెనక ఆ దుబ్లా ఆద్మీ, సన్నటాయన, అడ్డం ఉన్నాడు, హటా దియా, తీసేశాను. చాలా మెహనత్ అయింది, ఆ గుడ్డ తీయడానికే రెండు గంటలు పట్టింది."

భీమారావు చీటీ ఊడదీశాడు. కింద పెన్సిలు రాత ఉంది. ఆయన మైకులోనే చదివాడు. "దొరని చూడొద్దు. రెక్క కింద నేను. ఈ ఇంజను తుడిచింది నేనే. తిరిగొచ్చింది."

ముందు వరసలో కుర్చీ ఒకటి కిర్రుమంది.

"గుడ్డ పట్టుకున్నారా?" అని అడిగింది అప్పలనరసమ్మ.

"అవునమ్మా," అన్నాడు భీమారావు.

"నవ్వుతున్నారా?"

"లేదమ్మా."

"అయితే ఆయనే. సెప్తే వినవు కదరా నూకా, ఇందులోనే ఉన్నారని."

"మరి నిన్న ఆ ఫోటో సూసి ఏటీ అన్లేదేటే అమ్మా?" అన్నాడు నూకరాజు.

"మసగ్గా తెల్లగా పళ్ళు కనపడ్డాయిరా. ఎన్నడూ నవ్వని మనిషి, పైకెళ్ళేక సుఖపడ్డారేమో అనుకున్నాను."

భీమారావు మైకు సరిచేసుకున్నాడు. "నేను వెయ్యిసార్లు పైకెళ్ళాను. వెయ్యిసార్లు దిగాను. ఆ రెండు లెక్కలూ ఒకటే అవడం నా గొప్పతనం కాదు. నాకూ ఒక గుడ్డ పట్టుకున్నాయన ఉండేవాడు. ఆయన ఫోటో నా దగ్గర లేదు." అంతే చెప్పి కూర్చున్నాడు. చప్పట్లు మొదలుపెట్టింది అమ్మిరాజు. తండ్రిని మధ్యకి తెమ్మని మళ్ళీ అడగలేదు. గడియారాన్ని తనే తీసుకెళ్ళి వంటగదిలో తగిలించాడు.

మరుసటి ఆదివారం అప్పలస్వామి గోడకెక్కాడు, సరిగ్గా మధ్య మేకు మీద. చేతిలో గుడ్డ, ముఖంలో చిరాకు. అప్పలనరసమ్మ కుర్చీ ముందుకి జరుపుకుని, ఇక మేకు కనిపించట్లేదని తృప్తిగా చెప్పింది. సందీప్ ఈసారి కూడా ఆర్డరు తప్పలేదు. ఒక్క మనిషినే ఉంచాడు. అంచులో దొర మోచెయ్యి ఒకటి మిగిలిపోతే, ఊరికే వదిలేయడం బాగోదని దానికీ బొట్టు పెట్టాడు.