మూత మీద కూర

జబ్బు వచ్చిన రెండో నెలలో, భూమి కొలతల కార్యాలయ ఉద్యోగులు ఇళ్లలోనే ఉండాలనీ, వారి అన్నం క్యారేజీలు మాత్రం యథావిధిగా విధులకు హాజరు కావాలనీ ఉత్తర్వు వచ్చింది. మర్నాడు పదిన్నరకల్లా పది క్యారేజీలు వచ్చేశాయి. రోడ్డు వారగా, ఆరడుగుల ఎడం పాటిస్తూ, మూతలకు గుడ్డలు కట్టుకుని నడిచి వచ్చాయి. పదకొండోది, సూపరింటెండెంటు మీరావలిగారిది, పదకొండుంబావుకు వచ్చింది. ఆయన కూడా ఎప్పుడూ ఆ వేళకే వచ్చేవారు.

పనికి ఇబ్బందేమీ కలగలేదు. బల్లల మీద ఫైళ్లు ఉండేవి, ఫైళ్ల వెనక క్యారేజీలు ఉండేవి. అర్జీలతో వచ్చిన రైతులు కిటికీలోంచి చూసి, "ఇంకా భోజనాలు కాలేదు, తర్వాత వద్దారి" అనుకుని వెళ్లిపోయేవారు. జబ్బుకు ముందు కూడా దాదాపు ఇలాగే జరిగేది.

ఉత్తర్వుతో పాటు ఆత్మసంరక్షణ పట్టిక ఒకటి పంపారు. వేడినీళ్లు తాగారా, ఆవిరి పట్టారా, నిద్ర పట్టిందా, ఎలా ఉన్నారు అనే నాలుగు గడులూ ఉద్యోగి నింపి క్యారేజీ పైగిన్నెలో పెట్టాలి. ఐదోది "సహోద్యోగులతో సంబంధం". అది కార్యాలయం నింపుతుంది. సాయంత్రం గేటు దగ్గర కాపలాదారు చూస్తాడు. మూత మీద పక్కవాళ్ల కూర ఉంటే "ఉంది" అని ముద్ర వేస్తాడు. లేకపోతే "లేదు".

ఈ నిబంధన ఆ ఆఫీసు అలవాటు లోంచే పుట్టింది. అక్కడ ఎవరి కూర వాళ్లు ముందు తినేవారు కాదు. ఒంటిగంటకు పొడుగు బల్ల మీద పాత పేపర్లు పరిచి, క్యారేజీలు విప్పి, తలా ఒక గరిటె పక్కవాళ్ల మూతలో వేశాకే అన్నంలో చెయ్యి పెట్టేవారు. నూకరత్నం ఉద్యోగంలో చేరిన రోజున అన్నం, ఆవకాయ మాత్రమే తెచ్చుకుంది. ఎవరూ చూడకుండా గోడవైపు తిరిగి కూర్చుంది. అప్పుడు సీనియర్ అసిస్టెంటు మంగతాయారు తన కుర్చీ ఆ గోడ దగ్గరకే లాక్కుని వచ్చింది.

"ఏమే పిల్లా, గోడకేమైనా గోరుముద్దలు పెడుతున్నావా? మూత ఇలా ఇయ్యి."

మూతలో దోసకాయ పప్పు పడింది. ఇంగువ వాసన ఫైళ్ల గది దాకా వెళ్లింది. ఆ రోజు నుంచి నూకరత్నం ఆమెను పిన్నిగారూ అని పిలిచింది.

ఇప్పుడు ఆ పని క్యారేజీలు చేస్తున్నాయి. ఒంటిగంటకు వాటంతట అవే విప్పుకుని, పక్కదాని మీదకు వంగి, తలా కాస్త వేసి, మళ్లీ బిగించుకునేవి. వాటికి ముక్కులు లేవు గనక ఆ కాసేపటికి ఎడం నిబంధన సడలించారు. సాయంత్రం అద్దెగదిలో నూకరత్నం మూత తీసి, ముందు దోసకాయ పప్పే కలుపుకునేది. ఆ నాలుగు ముద్దలసేపూ పక్కన ఎవరో పేపరు పరుస్తున్నట్టే ఉండేది.

నాలుగో నెలలో ఒకనాడు పప్పులో ఉప్పు రెండింతలు పడింది. నూకరత్నం ఫోన్ చేసింది.

"పిన్నిగారూ, పప్పు కషాయంలాగుందండి."

"నీ మొహం. ముప్పై ఏళ్లుగా ఇదే చెయ్యి."

"ఒంట్లో ఎలాగుంది?"

"ఇంగువ వాసనే తెలీట్లేదే. రుచీ లేదు. ఎవరికీ చెప్పకు. తెలిస్తే క్యారేజీని ఆపేస్తారు. మీ కూరలు రాకపోతే ఈ ఇంట్లో సాయంత్రం దేని మొహం చూసి తినను?"

"ఆసుపత్రికి వెళ్లండి."

"వెళ్దాంలే, రేపు."

నూకరత్నం రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. మూడోరోజు పప్పులో ఉప్పే లేదు, బద్ద ఉడకలేదు. ఫోన్ చేస్తే మంగతాయారు ఎత్తలేదు. అప్పుడు మీరావలిగారికి చేసింది.

"సార్, పిన్నిగారికి జబ్బొచ్చిందండి. రుచి తెలీట్లేదండి."

"పట్టికలో ఆవిడేం రాశారమ్మా?"

"బాగున్నానని."

"మరింకేంటి?"

"పప్పు బాగోలేదు సార్."

ఆయన కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది. "అలాగైతే పప్పు బాగోలేదని రాసివ్వు. దానికి వీలుంది."

ఆమె రాసిచ్చింది. చర్య వెంటనే తీసుకున్నారు. మంగతాయారు క్యారేజీని పద్నాలుగు రోజులు రికార్డు గదిలో వేరుగా ఉంచారు. మంగతాయారును ఏం చెయ్యాలో నిబంధనల్లో లేదు. మర్నాడు పక్కింటివాళ్లు ఆమెను ఆసుపత్రిలో చేర్చారు. తొమ్మిదోరోజున పోయింది. సంతాపసూచకంగా పది క్యారేజీలూ రెండు నిమిషాలు మూతలు తీసి నిలబడ్డాయి. పదిహేనోరోజున ఆమె క్యారేజీకి ఏ జబ్బూ లేదని ధ్రువపత్రం ఇచ్చి పంపేశారు. అది తాళం వేసిన ఇంటి దాకా వెళ్లి, అరుగు మీద తెల్లారేదాకా ఉండి, పదిన్నరకు విధులకు వచ్చింది.

ఏడాదికి జబ్బు తగ్గింది. క్యారేజీల పనితీరు సంతృప్తికరంగా ఉందనీ, అవి సెలవులు అడగలేదనీ, ఒకదాని మీద ఒకటి ఫిర్యాదు చెయ్యలేదనీ, కాబట్టి ఇదే పద్ధతి కొనసాగుతుందనీ కొత్త ఉత్తర్వు వచ్చింది. మంగతాయారు క్యారేజీ ఖాళీగానే వస్తోంది. మిగతావి దాని మూత మీద వేస్తూనే ఉన్నాయి. దాని ఐదో గడిలో ఒక్కరోజు కూడా "లేదు" పడలేదు. రోజూ సాయంత్రం అందరి ఫోన్లకూ సందేశం వస్తుంది, సహోద్యోగులంతా క్షేమమని.

ఒక సోమవారం నూకరత్నం దోసకాయ పప్పు వండింది. ఇంగువ దండిగా వేసింది. ఉప్పు వేసి, డబ్బా మూత పెట్టబోయి, ఆగి, మళ్లీ అంత ఉప్పు వేసింది. తొమ్మిదిమందిలో ఒక్కరికైనా నోటికి తగలదా, ఒక్కరైనా ఫోన్ చెయ్యరా అనుకుంది. క్యారేజీని పంపి, ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

మర్నాడు కూడా అలాగే వండింది. ఆ మర్నాడు కూడా.

గురువారం సాయంత్రం క్యారేజీ వచ్చింది. ఐదో గడిలో "ఉంది" అని ముద్ర. ఫోన్ మోగలేదు. ఆమె మూత దగ్గరకు లాక్కుని, చాలా రోజుల తర్వాత, ఒక్కొక్క కూరా విడిగా నాలిక మీద పెట్టుకుని చూసింది. మీరావలిగారి వంకాయ ఉప్పుకషాయం. టైపిస్టు జోజిబాబు చిక్కుడుకాయ ఉప్పుకషాయం. గోంగూర, బీరకాయ, బంగాళాదుంప, అన్నీ అంతే. ఎవరు ఎప్పట్నుంచి ఇంత ఉప్పు వేస్తున్నారో ఆమెకు తెలియదు.

ఫోన్ చేతిలోకి తీసుకుంది. అప్పుడే సందేశం వచ్చింది, సహోద్యోగులంతా క్షేమమని.

నూకరత్నం అన్నం కాస్త ఎక్కువ కలుపుకుని అన్నీ తినేసింది. చెయ్యి కడుక్కుని, రేపటి పట్టిక తీసి, నాలుగో గడిలో "బాగున్నాను" అని రాసింది.