శశికళ మోపెడ్ కొండెక్కిన వైనం

మానవజాతి చక్రాన్ని కనిపెట్టి అయిదారు వేల ఏళ్ళయింది. ఆ చక్రం గంటకు ఎన్ని మైళ్ళు పోతే సైకిలవుతుందో, ఎన్ని దాటితే కాకుండా పోతుందో తేల్చడానికి మాత్రం ఇరవయ్యో శతాబ్దం చివర్లో, పార్సిప్పనీ అనే ఊరికి కాస్త అవతల, ఒక ఆఫీసు తెరిచేదాకా ఆగవలసి వచ్చింది. దాని పేరు ద్విచక్ర వర్గీకరణ కార్యాలయం. అందులో ఇద్దరే ఉద్యోగులు. ఏ బండి ఏ వర్గమో నిర్ణయించే మిసెస్ హాచ్‌కిస్ ఒకరు, ఆ నిర్ణయం సరైనదేనని కొలిచి చెప్పే ఇన్‌స్పెక్టర్ బ్రూస్టర్ ఒకరు. (ముందు నిర్ణయం, తరవాత కొలత. ఈ వరస మారిస్తే పనులు ఆలస్యమవుతాయని వాళ్ళ అనుభవం.)

చట్టం స్పష్టంగానే ఉంది. తొక్కడానికి పెడల్స్ ఉండి, గంటకు ఇరవై అయిదు మైళ్ళు మించకుండా పోయేది మోటారు బిగించిన సైకిలు. మించితే మోటారు సైకిలు. తెలుగులో ఈ రెంటికీ తేడా చెప్పాలంటే చేతులు తిప్పాలి. ఇంగ్లీషులో అయితే తొమ్మిది ఫారాలున్నాయి.

1979 వేసవి దాకా శశికళకు ఈ తేడాతో పని పడలేదు. ఆవిడ వాల్తేరులో ఫిజిక్స్ ఎమ్మెస్సీ చేసి, కాకినాడలో రెండేళ్ళు కాలేజీ డిమాన్‌స్ట్రేటర్‌గా ఉండి, పెళ్ళయి సముద్రాలు దాటి ఇక్కడికి వచ్చింది. ఇక్కడ ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో గాజు గొట్టాలు కడుగుతోంది. భర్త కృష్ణమూర్తి రంగుల కంపెనీలో కెమిస్టు. ఉన్న ఒక్క కారూ ఆయనతో పోతుంది. ఆ వేసవిలో పెట్రోలు కొరత వచ్చి, సరి నంబరు కార్లకు ఒక రోజు, బేసి నంబరు కార్లకు ఒక రోజు అని నియమం పెట్టారు. కృష్ణమూర్తి తెల్లారగానే పేపరు, ఫ్లాస్కు తీసుకుని పంపు దగ్గర క్యూలోకి వెళ్ళేవాడు. అందుకని శశికళకు ఒక మోపెడ్ కొన్నారు.

మోపెడ్ మంచిదే. అపార్ట్‌మెంట్లకూ ఆసుపత్రికీ మధ్య కొండ ఉండటమే ఇబ్బంది. సగం ఎక్కేసరికి ఇంజిన్ ఆయాసపడేది. అప్పుడు పెడల్స్ తొక్కాలి. అలా తొక్కుతున్నప్పుడు, రోజూ అదే చోట, మిస్టర్ లూమిస్ అనే రిటైరైన పెద్దమనిషి పరిగెత్తుకుంటూ ఆవిణ్ణి దాటిపోయేవాడు. దాటేటప్పుడు "గుడ్ మార్నింగ్" అనేవాడు. పైకెళ్ళాక నిలబడి, ఆవిడ వచ్చిందాకా ఆగి, ఇంకోసారి అనేవాడు. అది మర్యాదో కాదో శశికళకు అర్థమయ్యేది కాదు.

ఆగస్టులో ల్యాబ్ సూపర్‌వైజరు పిలిచి, ఇప్పటికి రెండుసార్లు ఆలస్యమైందనీ, మూడోసారి అయితే ఇక రానక్కరలేదనీ చెప్పింది.

ఆ ఆదివారం శశికళ పార్కింగ్ లాట్‌లో పాత దుప్పటి పరిచి మోపెడ్ విప్పింది. కృష్ణమూర్తి పైనుంచి చూసి దిగి వచ్చాడు.

"ఇంజిన్ ఓపెన్ చేశావా? వారంటీ పోతుంది కదా శశీ."

"దీనికి ఊపిరాడటం లేదండీ. ఎవరో కావాలనే ముక్కు మూశారు."

అది నిజమే. పొగ గొట్టం మొదట్లో ఒక ఇనప బిళ్ళ ఉంది. మధ్యలో చిన్న చిల్లు. ఫ్యాక్టరీవాళ్ళు చక్కటి ఇంజిన్ తయారుచేసి, తరవాత చట్టం కోసం దాని గొంతుకు ఆ బిళ్ళ అడ్డం పెట్టి అమ్ముతున్నారు. (దీన్ని ఇంజినీరింగ్ అనే అంటారు.) శశికళ బిళ్ళ తీసేసింది. లోపల గట్టిపడిన మసిని ఇడ్లీ పిండి కలిపే చెక్క గరిటె కాడతో, లోహం గీసుకోకుండా గోకింది.

బండి హుషారుగా లేచింది. కానీ నాలుగు మైళ్ళు తిప్పి ప్లగ్గు విప్పి చూస్తే తెల్లగా ఉంది. అంటే గాలి ఎక్కువై, పెట్రోలు చాలక, ఇంజిన్ కాలిపోతోంది. కార్బురేటర్‌లో పెట్రోలు చిమ్మే చిన్న ఇత్తడి జెట్ ఉంటుంది. దాన్ని తీసి పెద్ద చిల్లున్నది వేసింది. పెట్రోలు ఎక్కువై ప్లగ్గు నల్లబడింది. మధ్య సైజుది తెప్పించి వేసింది. ఈసారి ప్లగ్గు, పాలు సరిగ్గా పడిన కాఫీ రంగులో ఉంది. దాన్ని వేళ్ళ మధ్య తిప్పుకుంటూ ఆవిడ చాలాసేపు అక్కడే కూర్చుంది. గొట్టాలు కడగడం మొదలుపెట్టాక, ఒక ప్రశ్న వేసి జవాబు రాబట్టడం ఆవిడకు అదే మొదటిసారి.

మర్నాడు మోపెడ్ కొండను పెడల్ తొక్కకుండా ఎక్కేసింది. దారిలో ఈసారి శశికళే ముందు "గుడ్ మార్నింగ్" అంది. మిస్టర్ లూమిస్ పైకి చేరేసరికి అక్కడ పొగ తప్ప ఎవరూ లేరు. ఆయన మనసు కష్టపెట్టుకున్నాడు. కష్టపెట్టుకున్నానని రాయడం బాగుండదు కాబట్టి, ప్రజల భద్రత గురించి ఆందోళనగా ఉందని కార్యాలయానికి ఉత్తరం రాశాడు.

పది రోజుల్లో శశికళకు పిలుపొచ్చింది. బండితో సహా హాజరు కావాలి. మోటారు సైకిలని తేలితే స్వాధీనం చేసుకుంటారు. కృష్ణమూర్తి ఆ కాగితం రెండుసార్లు చదివాడు.

"బిళ్ళ తిరిగి పెట్టేయ్. ఎందుకొచ్చిన గొడవ."

"పెడితే లేటవుతాను. ఉద్యోగం పోతుంది."

"బండి తీసుకుపోయినా పోతుంది కదా."

"తీసుకుపోతే వాళ్ళ తప్పు. పెడితే నా తప్పు" అంది శశికళ.

కార్యాలయంలో మిసెస్ హాచ్‌కిస్ కళ్ళజోడు సవరించుకుని కిటికీలోంచి బండిని చూసింది.

"ఏమిటది?"

"మోపెడ్ అండీ."

"అది మేం చెప్పాలి." ఫారం తీసింది. "ఇంజిన్‌లో మార్పు చేసింది ఎవరు?"

"నేనే."

మిసెస్ హాచ్‌కిస్ ఫారంలోకి చూసి తలెత్తింది. "ఇక్కడ మూడే గడులున్నాయి. మెకానిక్, డీలర్, భర్త."

"ఆయన పైనుంచి దిగొచ్చి చూశారు, అంతే."

"అయితే భర్త" అని ఆవిడ టిక్కు పెట్టింది.

తరవాత వేగ పరీక్ష. నిబంధన ప్రకారం నూట యాభై పౌన్ల ప్రామాణిక మనిషి నడపాలి. కార్యాలయానికి మంజూరైన మనిషి బ్రూస్టర్ ఒక్కడే. ఆయన రెండువందల డెబ్భై పౌన్లు. (నూట ఇరవై పౌన్లు అదనంగా ఉన్నా, ఆయన జీతం ఒక మనిషికే ఇస్తున్నారు గనక ఆడిట్‌వాళ్ళు అభ్యంతరం చెప్పలేదు.) బ్రూస్టర్ మోపెడ్ మీద కూర్చోగానే అది కనిపించడం మానేసింది. వీధి చివరికి వెళ్ళి మలుపు తిరిగాడు. చాలాసేపు రాలేదు. శశికళ మలుపు వైపే చూస్తూ నిలబడింది. బండి ఆగిపోయిందేమో అనుకుంది. ఆగిపోతే మంచిదా, చెడ్డదా అన్నది మాత్రం తేల్చుకోలేకపోయింది.

వచ్చాడు. టై మెడ మీదుగా వీపు వెనక్కి వెళ్ళి ఉంది. కళ్ళలో నీళ్ళు. మొహంలో, చిన్నప్పుడెప్పుడో పోగొట్టుకున్నదేదో దొరికినట్టు ఒక వెలుగు.

"ఎంత?" అంది మిసెస్ హాచ్‌కిస్.

బ్రూస్టర్ టై ముందుకు లాక్కున్నాడు. శశికళ వైపు ఒకసారి చూశాడు.

"ఇరవై నాలుగున్నర."

టై ఎగిరిన తీరును బట్టి చూసినా ముప్ఫై అయిదుకు తక్కువ ఉండదు. కొలతలో తప్పు కనబడితే ఊరుకునే అలవాటు శశికళకు లేదు. కాకినాడలో ప్రిన్సిపాల్ కొడుకు ప్రయోగం కూడా తప్పని కొట్టేసింది. ఆ రోజు మాత్రం ఊరుకుంది. ఫారం మీద ముద్ర పడింది.

బయట బ్రూస్టర్ బండి అప్పగిస్తూ గొంతు తగ్గించాడు. "మా ఇల్లు కూడా కొండ మీదే. నా మోపెడ్ అసలు ఎక్కదు. శనివారం ఖాళీగా ఉంటారా?"

ఆ శనివారం బ్రూస్టర్ వచ్చాడు. పై శనివారం ఆయన బావమరిది వచ్చాడు. తరవాత మిసెస్ హాచ్‌కిస్ వచ్చి, తను వ్యక్తిగతంగా వచ్చాననీ, అధికారికంగా ఇంకా ఆఫీసులోనే ఉన్నాననీ చెప్పి, బండి స్టాండు వేసింది. అక్టోబరులో మిస్టర్ లూమిస్ కొత్త మోపెడ్ తోసుకుంటూ వచ్చాడు. మోకాళ్ళు నొప్పులట. శశికళ ఆయన బిళ్ళ కూడా తీసింది. పండగ ముందు దర్జీ దగ్గర బట్టల్లాగా పార్కింగ్ లాట్‌లో బండ్లు వరసకట్టాయి. కృష్ణమూర్తి కిందికి కాఫీలు మోసేవాడు. వచ్చినవాళ్ళు కప్పు అందుకుని, బండి బాగా కుదిర్చారని ఆయన భుజం తట్టేవారు. మొదట్లో కాదని చెప్పేవాడు. తరవాత్తరవాత థాంక్స్ చెప్పడం మొదలుపెట్టాడు.

డిసెంబరులో కార్యాలయం వార్షిక నివేదిక వెలువరించింది. తమ పరిధిలో ఇరవై అయిదు మైళ్ళు దాటే మోపెడ్ ఒక్కటీ లేదనీ, ఇది కఠినమైన తనిఖీల ఫలితమనీ అందులో ఉంది. ఆ విజయానికి గుర్తుగా మరో పోస్టు మంజూరైంది. చిన్న ఇంజిన్ల పరిశీలకులు కావాలి. ఆడవాళ్ళు కూడా దరఖాస్తు చేయవచ్చు.

శశికళ దరఖాస్తు పెట్టింది. "నీకివ్వక ఎవరికిస్తారు?" అన్నాడు కృష్ణమూర్తి. ఇంటర్వ్యూ రోజున ఆవిడ ల్యాబ్‌లో సెలవడిగి, ఉన్నవాటిలో మంచి కోటు వేసుకుని వెళ్ళింది. హాచ్‌కిస్, బ్రూస్టర్ వరసగా కూర్చుని ఉన్నారు. పౌరుల ప్రతినిధిగా పక్కన లూమిస్. ఇంజిన్ గురించి అడిగిన ప్రతిదానికీ చెప్పింది. వాళ్ళు నోట్సు కూడా రాసుకున్నారు. ఆ రాత్రి శశికళ గాజు గొట్టాలు లేని రోజు ఎలా ఉంటుందో ఊహించుకుంటూ వంట ఉప్పు లేకుండా చేసింది. కృష్ణమూర్తి ఆవకాయ వేసుకుని తిన్నాడు.

జనవరిలో జవాబొచ్చింది. దరఖాస్తుదారు విద్యార్హతలు కమిటీని ఎంతో ఆకట్టుకున్నాయనీ, అయితే ఈ దేశంలో ఇంజిన్ల మీద పనిచేసిన అనుభవం లేనందున పరిశీలించలేకపోతున్నామనీ, ముందు ముందు శుభం కలగాలనీ అందులో ఉంది.

ఉత్తరం పోస్టులో రాలేదు. మంచు పడుతున్నా మిసెస్ హాచ్‌కిస్ స్వయంగా మోపెడ్ మీద తెచ్చి ఇచ్చింది. శశికళ చదివి మడత పెట్టిందాకా గుమ్మంలో మర్యాదగా ఆగి, చలికి ఇంజిన్ కాస్త దగ్గుతోందనీ, శనివారం చూడటానికి వీలవుతుందా అనీ అడిగింది.