సముద్రంలో నాలుగు చర్చిలు

ఆ ఫిబ్రవరి ఉదయం గ్రంథాలయాధికారి రాగ్న్‌హిల్డ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ పెట్టడం, దాల్చిన చెక్క బన్నులు పళ్ళెంలో సర్దడం, పదింటికి పురసభ సభ్యులకు తెర మీద ఊరిని చూపించడం. దిమ్మె మీద దిమ్మె పేర్చి కట్టే కంప్యూటర్ ఆటలో జనమంతా రెండు చలికాలాలు కూర్చుని కట్టిన తమ టార్న్‌వీక్ అది. చర్చి, చేపల రేవు, ఒడ్డున కర్ర స్తంభాల మీద చన్నీళ్ళ స్నానశాల, అన్నీ ఉన్నాయి.

అసలు గొడవంతా ఆ స్నానశాలదే. నిజమైన స్నానశాల స్తంభాలు పుచ్చిపోయాయి. పడగొట్టేద్దామని పురసభ అధ్యక్షురాలు ఇంగెగెర్డ్ పట్టుదల, తీర్మానం ఇవాళే. ముప్ఫై ఏళ్ళుగా, మంచు పడినా సరే, అక్కడొక మునక వేయనిదే రాగ్న్‌హిల్డ్‌కు తెల్లవారదు. అందుకే ఆటలో వేరే ఖాళీ మైదానంలో కిటికీ కిటికీకీ కొలతలు తీసి దాన్ని కట్టింది. ఆ ఉదయమే కాపీ చేసి తెచ్చి ఒడ్డున అతికించి, ఆ తరవాత పక్కన ఒక జెండా, కొన్ని బల్లలు పెట్టింది. చూస్తే ఇంగెగెర్డ్ మనసు మారకపోతుందా అని ఆశ.

ఆమెకు తోడు సిక్స్‌టెన్, రిటైరైన పోస్ట్‌మ్యాన్. నలభై ఏళ్ళలో ఒక్క ఉత్తరం కూడా తప్పు గుమ్మంలో వేయలేదని కనిపించిన వాళ్ళందరికీ చెప్పే మనిషి.

"రేవు దారిలో దీపాల్లేవు. ఒక్క స్తంభం కాపీ చేసి వరసగా అతికించేస్తా. అయిదు నిమిషాల పని" అన్నాడు తన కంప్యూటర్ ముందు చతికిలబడి.

"ఇప్పుడెందుకు? ఉన్నది చాలు."

"చీకట్లో ఎవరైనా కాలు జారితే?"

"బొమ్మ ఊళ్ళో ఎవరు జారతారు సిక్స్‌టెన్?"

ఆయన వింటేగా! ఆ ఆటలో కాపీ చేయాలంటే చెక్క గొడ్డలితో రెండు మూలలు కొట్టి గుర్తు పెట్టాలి. ఆ రెంటి మధ్య ఉన్నదంతా కాపీ అవుతుంది. సిక్స్‌టెన్ చర్చి ముందున్న దీపస్తంభం మొదట్లో ఒక మూల కొట్టాడు. అంతలో కాఫీ వాసన తగిలి రెండోది మరిచాడు. నిన్న చర్చి శిఖరం మీద కొట్టిన గుర్తు అలాగే ఉండిపోయింది.

కాపీ చేసి, రేవు దారికి వచ్చి పేస్ట్ కొట్టాడు. ఏమీ రాలేదు.

"ఈ యంత్రం నాకన్నా ముసలిది" అని గొణిగి, కొంచెం ముందుకు నడిచి మళ్ళీ కొట్టాడు. ఇంకోసారి. మరోసారి. నాలుగోసారికి యంత్రం నిద్ర లేచింది.

గోడ మీది పెద్ద తెరపై, సముద్రంలో ఒక చర్చి లేచింది. దాని కడుపులోంచి ఇంకొకటి. చూస్తుండగానే నాలుగు చర్చిలు, నాలుగు శిఖరాలు, వాటి మీద గాలివాటు చూపే నాలుగు కోడిపుంజు బొమ్మలు!

రాగ్న్‌హిల్డ్ చేతిలోని పళ్ళెం వంగి బన్నులు నేల మీద దొర్లాయి. కిటికీలోంచి చూస్తే సభ్యులు అప్పుడే వచ్చి మంచులో నిలబడి ఉన్నారు. ఈ ఊళ్ళో ఆలస్యంగా రావడం తప్పు, వేళకు ముందు తలుపు తట్టడం అంతకన్నా తప్పు. పదికి ఇంకా మూడు నిమిషాలుంది.

"నువ్వేదీ ముట్టుకోకు! చేతులు ఒళ్ళో పెట్టుకో!" అని అరిచి, తన కంప్యూటర్లో అన్‌డూ కొట్టింది. చర్చిలు కదల్లేదు, ఒడ్డున బల్లలు పోయాయి. మళ్ళీ కొట్టింది. జెండా పోయింది. ఇంకోసారి కొట్టింది. స్నానశాల పోయింది.

ఆమె సిక్స్‌టెన్ వైపు తిరిగింది.

"అన్‌డూ కొడితే ఎవరు చేసింది వాళ్ళదే పోతుంది. నాది నువ్వు తీయలేవు. నీదే తీసుకున్నావు" అన్నాడు సిక్స్‌టెన్ మెల్లగా.

"ఇప్పుడా చెప్పేది?"

"చేతులు ఒళ్ళో పెట్టుకోమన్నావుగా."

"నోరు మూసుకోమనలేదుగా!"

ఆయన తన కంప్యూటర్లో నాలుగుసార్లు అన్‌డూ కొట్టాడు. చర్చిలు మాయమయ్యాయి. "ఇక నీది నువ్వు రీడూ..." అంటుండగానే గడియారం పది కొట్టింది. సభ్యులు తలుపు దగ్గర బూట్లు విప్పి, మేజోళ్ళతో లోపలికి వచ్చారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే నిలబడిపోయారు.

తెర మీద ఒడ్డు బోసిగా ఉంది. ఒక్క కర్ర కూడా లేదు.

"స్నానశాల ఏది?" అంది ఇంగెగెర్డ్.

రాగ్న్‌హిల్డ్ కీబోర్డు కోసం చెయ్యి చాచింది.

"పడగొట్టాక ఇలా ఉంటుందని చూపిస్తున్నావా?" ఇంగెగెర్డ్ ముఖం పాలిపోయింది. ఆమె తెర దగ్గరికి వెళ్ళి ఖాళీగా ఉన్నచోట వేలు పెట్టింది. "మా అమ్మ నన్ను మొదటిసారి నీళ్ళలోకి తోసింది ఇక్కడే. ఇంత ఖాళీగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదే! కాగితం మీద చిన్న గీతలా ఉండేది."

ఆమె వేలు తీసేసి ఇటు తిరిగింది.

"మళ్ళీ పెట్టు రాగ్న్‌హిల్డ్. నేను చూడలేకపోతున్నాను."

రాగ్న్‌హిల్డ్ రీడూ కొట్టింది. స్నానశాల తిరిగి వచ్చి నిలబడింది. పదిమందీ ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నారు. కొత్త స్తంభాలు వేయాలన్న తీర్మానానికి ఒక్క చెయ్యి కూడా అడ్డం లేవలేదు. ఇంత ధైర్యంగా వాదించిన మనిషిని తన పదవీకాలంలో చూడలేదని ఇంగెగెర్డ్ కరచాలనం చేసింది. రాగ్న్‌హిల్డ్ వంగి నేల మీది బన్నులు ఏరుకుంది.

మరుసటి వారం పొరుగూరి నుంచి ఉత్తరం వచ్చింది. తమ గాలిమరను కూడా కాపాడుకోవాలట, అంత పదునైన ప్రదర్శనకు ఏ పనిముట్టు వాడారో దయచేసి తెలపమని. రాగ్న్‌హిల్డ్ చాలాసేపు ఆలోచించి, సిక్స్‌టెన్ ఫోన్ నంబరు రాసి పంపింది.