అక్క చేతి స్విచ్

మిక్సీలు, ఇస్త్రీ పెట్టెలు బాగుచేసే ఆ మెకానిక్ ఆ ఉదయం ఒకటే పని పెట్టుకున్నాడు. కాలు విరిగి లోపలి గదిలో పడుకున్న అక్కకు బెల్లు అమర్చాలి. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. కేకవేసి పిలిచే ఓపిక ఇప్పుడు ఆవిడకు లేదు.

నొక్కి వదిలే స్విచ్‌లు రెండు జాతులు. ఒకటి నొక్కినంతసేపే కరెంటునిస్తుంది. రెండోది, ఫ్రిజ్ తలుపు దగ్గర ఉండేది, నొక్కినంతసేపే ఆపుతుంది. అతని డబ్బాలో రెండూ కలగాపులగంగా పడి ఉండేవి. "చూసి చెప్పలేకపోతే ముప్పై ఏళ్ల అనుభవం దేనికి?" అంటూ భార్య ముందే ఒకటి ఏరి, పరీక్షించకుండా తీగకు అతికించాడు. అనుభవజ్ఞుడు అక్కడే పప్పులో కాలేశాడు.

"ఇది చేతిలో ఉంచుకో అక్కా," అని చెప్పి, ముందు గదిలోని కొట్టుకు వచ్చి బ్యాటరీ కలిపాడు. బెల్లు చెవులు చిల్లులు పడేలా మోగింది. లోపల అక్క ఉలిక్కిపడి స్విచ్ నొక్కేసింది. బెల్లు ఆగింది.

"చూశావా! అక్క నొక్కింది, మోగింది," అన్నాడు భార్యతో. ఆవిడ నమ్మి ఉద్యోగానికి వెళ్లిపోయింది.

పావుగంటకోసారి అక్క బొటనవేలు తిమ్మిరెక్కి జారేది. బెల్లు మోగేది. అతను పరిగెత్తుకెళ్లేసరికి ఆవిడ మళ్లీ నొక్కిపట్టేది.

"ఏం కావాలక్కా?"

"ఏమీ వద్దురా."

నాలుగోసారి కొట్లో జనం ఉన్నారు. అతను గడప దగ్గరే నిలబడి, "ఊరికే మోగించకక్కా! నాకు వేరే పనుల్లేవా?" అని విసుక్కున్నాడు. ఆ తర్వాత బెల్లు కిక్కురుమనలేదు. "మా అక్కకి ఒక్కసారి చెబితే చాలు," అని వచ్చినవాళ్ల దగ్గర గొప్పలు పోయాడు.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన భార్య లోపలికి వెళ్లి చూస్తే, పొద్దున పెట్టిన నీళ్లూ మాత్రలూ అలాగే ఉన్నాయి.

"మందు వేసుకోలేదేం వదినా?"

"చేతులు ఖాళీ లేవమ్మా. వదిలితే మోగుతోంది. మోగితే వాడికి కోపం వస్తోంది."

స్విచ్‌ను రెండు చేతులతో బిగించి పట్టుకుని ఉంది. బొటనవేళ్లు కమిలిపోయాయి. వెనకే వచ్చిన తమ్ముడు కొట్లోకి పరిగెత్తి బ్యాటరీ తీగ పీకేసి వచ్చాడు.

"ముందే చెప్పొచ్చుగా అక్కా!"

"నువ్వు చేసింది కదరా, తప్పుంటుందనుకోలేదు. నాకే పట్టుకోవడం రావట్లేదేమో అనుకున్నా."

తల ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు. ఆవిడ నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది. సాయంత్రంలోగా సరైన స్విచ్ పరీక్షించి మరీ బిగించి, మంచం పక్కన కూర్చుని, "ఏం కావాలన్నా నొక్కక్కా, పరిగెత్తుకొస్తా," అని బతిమాలాడు.

"అలాగేరా," అంది అక్క.

వారం గడిచింది. బెల్లు ఒక్కసారీ మోగలేదు. ఏదైనా పాడైందేమోనని ఆశగా విప్పి చూశాడు.

స్విచ్‌లో ఏ లోపమూ లేదు.