కాష్ మెమరీలో పీతలు

మానవుడు కాగితాన్ని జయించాడు. ఇండోనేషియాలోని మకాస్సర్ విమానాశ్రయం సరుకుల విభాగంలో ఈ విజయం పోయిన నెలే ఖరారైంది. అక్కడ తనిఖీ శాఖ కంప్యూటర్ పత్రం పంపితే కస్టమ్స్ కంప్యూటర్ అందుకుంటుంది. మధ్యలో మనిషి చెయ్యి తగలదు. (బుర్ర కూడా.)

ఇంతటి నాగరికత ముందు ఆ ఉదయం నుర్హయా నిలబడింది. బయట షెడ్డులో, తడి గోనెల కింద, తాళ్ళతో కట్టిన ఆమె బురద పీతలు ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఉన్నాయి. నీళ్ళు విడిచి అప్పటికే రోజులైంది. మధ్యాహ్నం సింగపూర్ విమానం ఎక్కాలి. పోయినసారి సరుకు దారిలోనే చచ్చింది. ఈసారీ చస్తే ఇక ఆమె ముఖం చూడనని కొనే ఆసామి తెగేసి చెప్పాడు.

తనిఖీ శాఖ డాక్టరు పొద్దున్నే పీతల్ని చూసి, దిట్టంగా ఉన్నాయని పత్రం పంపేశాడు. కస్టమ్స్ తెర మీద మాత్రం "తనిఖీ జరుగుతోంది" అన్న పాత మాటే కదలకుండా కూర్చుంది.

"అది నిన్నటి పత్రం సార్!" అంది నుర్హయా.

"నిన్నటిదేనమ్మా," అన్నాడు అధికారి మప్పంగారా. అబద్ధమాడే మనిషి కాదు. "కానీ ఎంత చురుగ్గా వచ్చిందో చూశారా?"

కొత్త పత్రం తెమ్మంటే ఆ సాఫ్ట్‌వేర్‌కు తాతలు దిగొస్తారు. అందుకని ఒకసారి తెచ్చినదాని నకలు కాష్ మెమరీలో దాచుకుని, ఎవరడిగినా అదే తీసి రెప్పపాటులో చూపిస్తుంది. ఈ వేగానికి మురిసిపోయి జకార్తా పెద్దలు అవార్డు కూడా ప్రకటించారు. (అందినది ఏ రోజుదో అవార్డు నిబంధనల్లో లేదు.)

"ఆ కాష్ ఖాళీ చేస్తే కొత్తది వస్తుందటగా?"

"వస్తుంది. కానీ అన్నీ మళ్ళీ మొదట్నించి తెచ్చుకోవాలి, గోడ మీద వేగం బోర్డు ఎర్రబడుతుంది. డైరెక్టర్ గారు వచ్చి అవార్డు వేడుకకి తుంపెంగ్ అన్నం కోసేదాకా అది పచ్చగా ఉండాలమ్మా."

గది మధ్యన బల్ల మీద పసుపన్నం గోపురంలా నిలబడి ఉంది, చుట్టూ వేయించిన కోడి, గుడ్లు. శుభం జరగనిదే మరమ్మతు చేయరాదన్నది శాఖ నియమం. డైరెక్టర్ గారి విమానం జకార్తాలోనే ఆలస్యమైంది. సింగపూర్ విమానానికి అలాంటి మంచి బుద్ధి ఏనాడూ పుట్టలేదు.

నుర్హయాకు ఒళ్ళు మండిపోయింది. "అన్నం పాడైతే మళ్ళీ వండుకుంటారు. నా పీతలకి మళ్ళీ ప్రాణం మీరు పోస్తారా?"

"ఆవేశపడకండి. ఇదిగో, టిఫిన్ డబ్బా తీసుకోండి. వచ్చినవాళ్ళందరికీ తెప్పించాం."

ఆమె డబ్బా ముట్టుకోలేదు. షెడ్డుకు వెళ్ళి గోనెల మీద నీళ్ళు చల్లుతూ కూర్చుంది. ఎండ ముదిరింది. సింగపూర్ విమానం ఆమె నెత్తి మీదుగానే ఎగిరిపోయింది.

సాయంత్రానికి డైరెక్టర్ గారు వేంచేసి అన్నం కోశారు. మొదటి ముక్క మప్పంగారాకు దక్కింది, చప్పట్లు మోగాయి. ఆ తరువాత నియమం తప్పకుండా కాష్ ఖాళీ చేశారు, కొత్త పత్రం దిగింది.

నుర్హయా కాళ్ళు వేలాడేసిన ఒక పీతను తెచ్చి మప్పంగారా బల్ల మీద పెట్టింది.

"చచ్చాయి సార్. అన్నీ."

మప్పంగారా పీత వంక చూడలేదు. చెయ్యి తుడుచుకుని, తెరను ఆమె వైపు తిప్పాడు.

"అదేంటమ్మా, ఇక్కడ నిక్షేపంగా ఉంటేను!"