ఏడు మార్కుల పిల్ల

శిఖరాగ్ర ఇంటర్నేషనల్ స్కూల్ టర్మ్ ముగింపు ఉత్సవం ఈ ఏడాది కూడా అనుకున్న సమయానికి గంటన్నర ఆలస్యంగా, అనుకున్నదానికి రెట్టింపు ఘనంగా జరిగింది. ఆరువందల పన్నెండు మంది విద్యార్థులకు ఆరువందల పన్నెండు బహుమతులు అందజేశారు. బహుమతి లేకుండా ఒక్క బిడ్డను ఇంటికి పంపినా అది శిఖరాగ్ర విధానాలకు విరుద్ధం. కాబట్టి చదువు వచ్చినవారికి చదువులో, ఆటలు వచ్చినవారికి ఆటల్లో, రెండూ రానివారికి ‘సానుకూల హాజరు’లో, హాజరు కూడా లేనివారికి ‘స్వతంత్ర ఆలోచన’లో షీల్డులు ఇచ్చారు. స్కూలు బస్సు కోసం ఏడాది పొడవునా గోల చేయకుండా నిలబడినందుకు ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకరు వేదికెక్కారు. ఆ పిల్ల తండ్రి కళ్లు తుడుచుకున్నాడు.

అన్నిటికన్నా పెద్ద షీల్డు మాత్రం మణికొండ నివాసి రేఖ గారి అబ్బాయి, తొమ్మిదో తరగతి శ్యామ్‌కు దక్కింది. రెండడుగుల ఎత్తు, పైన గాజు భూగోళం, కింద ‘సమాజ మార్గదర్శి’ అని బంగారు అక్షరాలు. అది ఎలా దక్కిందో తెలియాలంటే నవంబరు నెలకు వెళ్లాలి.

నవంబరులో పాఠశాల నుంచి, తొమ్మిదో తరగతివారికి ఏటా వచ్చే సర్క్యులర్ వచ్చింది. పంపినవారు ప్రియదర్శిని మేడమ్. ఆవిడ ప్రిన్సిపాలే గాని, శిఖరాగ్రలో ప్రిన్సిపాల్ అనే మాట పాతబడిపోవడం వల్ల ఆవిడను ‘చీఫ్ లెర్నర్’ అంటారు. నేర్చుకోవడంలో ఆవిడదే ప్రథమ స్థానమని, ఇంకా చాలా మిగిలి ఉందని దాని భావం. సర్క్యులర్ సారాంశం ఇది: తొమ్మిదో తరగతి విద్యార్థులు అరవై రెండు మందీ తలా ఒక పేద విద్యార్థిని చేరదీసి, మూడు నెలలు చదువు చెప్పాలి. ఆ పేద విద్యార్థిని ‘లబ్ధిదారు’ అంటారు. మొదట్లో యాభై మార్కులకు ఒక పరీక్ష, చివర్లో అదే పేపరుతో మరో పరీక్ష. మొదటి పరీక్షలో ఇరవై, అంతకు పైన వచ్చినవారు లబ్ధిదారులు కారు. వారికి మేలు చేయడం అనవసరం. అందరికన్నా ఎక్కువ ఎదిగిన లబ్ధిదారుకు శిఖరాగ్రలోనే పదకొండో తరగతిలో ఉచిత సీటు. నేర్పిన విద్యార్థికి పెద్ద షీల్డు.

సర్క్యులర్ వచ్చిన గంటలో మణికొండలో పేదపిల్లల కొరత ఏర్పడింది.

దత్తత తీసుకున్న సర్కారు బడి పదకొండు మందిని మాత్రమే పంపగలిగింది. (దత్తత అంటే ఆ బడి గోడకు శిఖరాగ్ర బోర్డు కొట్టడం.) మిగతా యాభై ఒక్క మంది తల్లులు అపార్ట్‌మెంట్ల వెంట పడ్డారు. పేరెంట్స్ గ్రూపులో సందేశాలు ఇలా వచ్చాయి: “మీ వాచ్‌మన్‌కు పిల్లలున్నారా? మా వాచ్‌మన్‌కు పెళ్లి కాలేదు.” “మదీనాగూడలో మా అక్కయ్య డ్రైవర్‌కు కవలలు. ఒకరు ఖాళీ.” పెళ్లి కాని వాచ్‌మన్‌ను ఇన్నాళ్లూ పనిమంతుడని మెచ్చుకున్నవారే ఇప్పుడు నిలదీశారు.

రేఖ గారు అదృష్టవంతురాలు. ఆవిడ ఇంట్లో పనిచేసే రుక్కమ్మకు కూతురుంది. పేరు కల్యాణి. సర్కారు బడిలో పదో తరగతి. గ్రూపులో ఎవరూ ఎత్తుకుపోకముందే రేఖ గారు విషయం కదిపారు.

“రుక్కమ్మా, మన కల్యాణికి మా శ్యామ్ చదువు చెప్తడట. బడివాళ్లే పెట్టిన్రు.”

గిన్నెలు తోముతున్న రుక్కమ్మ చేయి ఆపింది. “శ్యామ్ బాబా?” అంది. ఆ ఒక్క మాటలో ఉన్న ఆశ్చర్యాన్ని రేఖ గారు పెద్దమనసుతో వదిలేశారు.

“మంచిగ ఎదిగిన పిల్లకు అక్కడనే ఫ్రీ సీటు ఇస్తరట.”

దాంతో రుక్కమ్మ చేతులు కడుక్కుంది. మరునాడు సాయంత్రమే కూతుర్ని తీసుకొచ్చింది. కల్యాణి సన్నగా, రెండు జడలు గట్టిగా పైకి కట్టుకుని ఉంది. రేఖ గారు ఆ పిల్లను కారెక్కించి శిఖరాగ్రకు తీసుకెళ్లి పేరు నమోదు చేయించారు. అక్కడ కల్యాణి మూడో అంతస్తులో ఒక గాజు గోడ ముందు ఆగిపోయింది. లోపల కెమిస్ట్రీ ల్యాబు. వరసగా పరీక్షనాళికలు, బర్నర్లు, తెల్లకోట్లు వేసుకున్న పిల్లలు. ఒకడు సెల్ఫీ తీసుకుంటున్నాడు.

“ఆంటీ, ఇవన్నీ నేను బొమ్మలే ఏసిన. గీతలు గూడ స్కేలు పెట్టి కొట్టిన,” అంది కల్యాణి గాజుకు ముక్కు ఆనించి. “ఒక్కసారి గూడ పట్టుకోలే.”

ఇంటికొచ్చాక చిక్కు బయటపడింది. సర్క్యులర్‌తో పాటు వచ్చిన నమూనా పేపరు కల్యాణి ముందు పెడితే ఆ పిల్ల ఇరవై నిమిషాల్లో ముగించి, పేపర్లో పన్నెండో ప్రశ్న తప్పుగా అచ్చయిందని పెన్సిలుతో దిద్ది ఇచ్చింది. రేఖ గారు డిగ్రీలో లెక్కలు చదివినావిడ, స్వయంగా దిద్దారు. యాభైకి యాభై.

ఇది చాలా విచారకరమైన ఫలితం. యాభైకి యాభై వచ్చిన పిల్ల ఇంకెక్కడికి ఎదుగుతుంది? రూలు ప్రకారం ఆమె పేదరాలే కాదు. రేఖ గారి భర్త మధుకర్ రాయదుర్గం మెట్రో పక్క టవర్లో గ్రాఫులు గీసే ఉద్యోగి. సాయంత్రం టీ తాగుతూ విషయం విని, “బేస్ తగ్గించాలె, అంటే మొదటి నంబరు. మేమైతే అట్లనే చేస్తం,” అన్నాడు.

రుక్కమ్మకు చెప్పడమే కష్టమైంది. “ఏందమ్మా, తప్పులు రాయమంటరా? తప్పు రాస్తే దాని సారు గోడకుర్చీ ఏపిస్తడు.”

“ఒక్కసారికే రుక్కమ్మా. మొదట తక్కువ రావాలె, ఎన్క ఎక్కువ రావాలె. అప్పుడే సీటు.”

రుక్కమ్మ కూతురి వైపు తిరిగింది. “పెద్దోళ్ల బడి గట్లనే ఉంటదేమో బిడ్డ. జర తప్పు రాయి.”

కల్యాణి కూర్చుంది. రాసింది. రాలేదు. తప్పు రాయబోతే చేయి దానంతటదే ఒప్పు రాస్తోంది. బలవంతంగా రాసిన తప్పులు కూడా ఒక పద్ధతిగా ఉన్నాయి. ప్రతి జవాబుకూ ఒకటి కలిపింది. అది చూసి అంతవరకూ సోఫాలో పడుకుని ఫోను చూస్తున్న శ్యామ్ లేచి వచ్చాడు.

“ఏందక్కా ఇది! ఈజీగా పట్టేస్తరు. తప్పు అంటే ఇట్లుండదు.”

“మరి ఎట్లుంటదిరా?”

“ముందు ప్రశ్న సగమే చదవాలె. ఇగ చాలనుకోవాలె. తర్వాత కిటికీల నుంచి బయటికి చూడాలె, కనీసం రెండు నిమిషాలు. తిరిగి చూసేసరికి ఏ ప్రశ్న చేస్తున్నమో మర్చిపోతం గద, అప్పుడు కింది ప్రశ్నల కనపడ్డ నంబర్ ఇక్కడ రాసెయ్యాలె. మధ్యల ఒక్కటి కరెక్ట్ పెట్టాలె, లేకుంటే డౌట్ వస్తది.”

వంటింటి గుమ్మంలో నిలబడ్డ రేఖ గారికి ఒళ్లు పులకరించింది. కొడుకు పుట్టిన పద్నాలుగేళ్లలో వాడు ఒక విషయం మీద ఇంత సాధికారంగా మాట్లాడటం వినలేదు. ఎన్నో ట్యూషన్లు మార్చారు. వాడిలో ఒక గురువున్నాడని ఏ ట్యూషన్ మాస్టరూ చెప్పలేదు.

వారం రోజులు శిక్షణ సాగింది. కల్యాణి తెలివైన పిల్ల కనుక తెలివితక్కువతనం కూడా తొందరగానే పట్టుబడింది. శనివారం పరీక్షలో యాభైకి ఏడు వచ్చాయి. మరునాడు రుక్కమ్మ పావుకిలో పేడాలు తెచ్చి మెట్ల మీద ఎదురైన ప్రతివారి చేతిలో పెట్టింది. “నా బిడ్డకు ఏడొచ్చినయి!” ఈ నగరంలో ఏడు మార్కులకు పేడాలు పంచిన మొదటి తల్లి ఆమే అయి ఉంటుంది.

తర్వాత మూడు నెలలూ బోధన నిరాటంకంగా జరిగింది. ప్రతి శనివారం భోజనాల బల్ల దగ్గర తెల్ల బోర్డు పెట్టేవారు. కల్యాణి మార్కరు పట్టుకుని శ్యామ్‌కు త్రిభుజాలు చెప్పేది. “ఒరేయ్ తమ్మీ, కిటికీ దిక్కు చూడకు, ఇటు చూడు,” అని స్కేలుతో బల్ల మీద కొట్టేది. సరిగ్గా ఐదు గంటలకు రేఖ గారు ఫోను తీసేవారు. మార్కరు చేతులు మారేది. కల్యాణి కుర్చీలో కూర్చుని అమాయకంగా తల పైకెత్తేది. ఫోటో పాఠశాలకు వెళ్లేది. మళ్లీ మార్కరు వెనక్కి వచ్చేది. అర్ధసంవత్సర పరీక్షలో లెక్కల్లో ముప్పై ఒకటి తెచ్చుకున్న శ్యామ్‌కు ఫిబ్రవరిలో డెబ్బై ఎనిమిది వచ్చాయి. దీనికి గ్రాఫు ఎవరూ గీయలేదు, అడిగే ఫారం లేదు గనుక.

చివరి పరీక్షలో కల్యాణికి యాభైకి యాభై. మధుకర్ ఆఫీసు నుంచే లెక్కకట్టి పంపాడు: ఆరువందల పద్నాలుగు శాతం ఎదుగుదల. తన కంపెనీ పుట్టాక అలాంటి గీత చూడలేదని కాస్త అసూయగా అన్నాడు.

ఇక ఉత్సవం. రుక్కమ్మ కూతురికి నెమలికంఠం రంగు కొత్త డ్రెస్సు కుట్టించింది. గేటు దగ్గరే ఒక టీచరమ్మ ఆపి, “అయ్యో, యూనిఫామ్‌లో రావాలి కదమ్మా, ఇంపాక్ట్ తగ్గిపోతుంది,” అంది. కల్యాణి ఇంటికి పరిగెత్తి పాత యూనిఫామ్ వేసుకొచ్చింది. వేదిక మీద స్కూలువారు రాసిచ్చిన ఇంగ్లిషు ప్రసంగం చదివింది. నేనొకప్పుడు చీకట్లో ఉన్నానని, అంకెలంటే భయపడేదాన్నని, శ్యామ్ అన్నయ్య నా చేయి పట్టుకుని వెలుగులోకి నడిపించాడని అందులో ఉంది. ఆ పిల్ల ఒక్క తప్పు లేకుండా చదివింది. తనకన్నా ఏడాది చిన్నవాడైన అన్నయ్య పక్కన నిలబడి చెవి గోక్కున్నాడు.

ప్రియదర్శిని మేడమ్ మైకు అందుకున్నారు. “ఏడు నుంచి యాభై! ఇది మార్కుల ప్రయాణం కాదు, మానవత్వపు ప్రయాణం. ఈ పాపకు మనం ఏమిచ్చాం? సర్వస్వం ఇచ్చాం. మన పిల్లలు తీసుకునేవాళ్లు కాదు, ఇచ్చేవాళ్లు. ఈ పాపకు మన పదకొండో తరగతి తలుపులు తెరిచే ఉన్నాయి!” హాలు లేచి నిలబడింది. వెనక గోడ దగ్గర నిలబడ్డ రుక్కమ్మకు మిగతా పెద్ద పెద్ద మాటలు అర్థం కాకపోయినా తలుపుల మాట మాత్రం అర్థమైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

సోమవారం రేఖ గారు తల్లీకూతుళ్లను వెంటబెట్టుకుని అడ్మిషన్ల ఆఫీసుకు వెళ్లారు. అక్కడి అధికారి ఓంకార్ గారు కోస్తావారు. మహా మర్యాదస్థుడు. రుక్కమ్మను కూడా కుర్చీలో కూర్చోబెట్టి, ఫైలు తెరిచి, అద్దాలు సర్దుకున్నారు.

“పాప చాలా ఎదిగిందండీ. కంగ్రాట్స్. అయితే సీటు విషయంలో చిన్న ఇబ్బందుందండీ. ప్రవేశానికి కనీసం ఇరవై మార్కులు రావాలి.”

“యాభై వచ్చినయి గదా సార్!” అన్నారు రేఖ గారు.

“అవి చివరి పరీక్షవండీ. ఆ యాభైలో నలభై మూడు మన శ్యామ్ బాబు నేర్పినవి. అంటే స్కూలువి. పాప సొంతానివి ఏడే కదండీ. ప్రవేశానికి సొంత మార్కులే లెక్క.”

“మొదట్ల ఇరవై వస్తే అసలు పేరే రాసుకోరు కదా?”

“రాసుకోమండీ. అలాంటివారికి సాయమెందుకు?”

“ఇరవై రాకపోతే సీటు లేదు.”

“లేదండీ. అందుకే ఎనిమిదేళ్లుగా ఆ సీటు మీద ఎవరూ కూర్చోలేదు. చూడండి, కొత్త సీటులాగే ఉంటుంది.” ఓంకార్ గారి గొంతులో నిజమైన గర్వముంది.

కల్యాణి రేఖ గారి వైపు చూసింది. రుక్కమ్మ కూడా చూసింది. ఒక్క వాక్యం చాలు. ‘ఆ ఏడు అబద్ధం, మేమే రాయించాం.’ రేఖ గారు నోరు తెరిచారు. ఓంకార్ గారి వెనక గోడ మీద కొత్తగా వేలాడదీసిన ఫోటో కనిపించింది. అందులో శ్యామ్, షీల్డు, ఆరువందల పద్నాలుగు శాతం గీత ఉన్నాయి.

“ఏదో చెప్పబోయారు మేడమ్?”

“ఏం లేదు సార్. మంచినీళ్లు ఎక్కడుంటయి?”

ఇంటికి చేరాక రేఖ గారు పేరెంట్స్ గ్రూపు తెరిచి ఒక పెద్ద సందేశం రాశారు. అందులో న్యాయం అనే మాట నాలుగుసార్లు వచ్చింది. రెండుసార్లు చదువుకున్నారు. అక్షరదోషం ఒకటి దిద్దారు. తర్వాత మొత్తం చెరిపేసి, అందరూ పెడుతున్న చప్పట్ల బొమ్మే తనూ పెట్టారు. అది నూట పద్నాలుగో చప్పట్ల జత. మీరూ ఆ గ్రూపులో ఉంటే నూట పదిహేనోది మీదే అయ్యుండేదని ఆవిడ గట్టి నమ్మకం.

ఆ శనివారం నాలుగున్నరకు బోర్డు సిద్ధంగా ఉంది, మార్కరు సిద్ధంగా ఉంది. శ్యామ్‌కు వార్షిక పరీక్షలు పది రోజులున్నాయి. కల్యాణి రాలేదు. రుక్కమ్మ ఒక్కతే వచ్చి, ఎప్పటిలాగే చీపురు అందుకుంది.

“కల్యాణి ఏది రుక్కమ్మా? శ్యామ్ ఎదురుచూస్తున్నడు.”

రుక్కమ్మ తొందరపడలేదు. హాలంతా ఊడ్చింది. తర్వాత పొడిగుడ్డ తీసుకుని అల్మారా మీది షీల్డు దుమ్ము తుడిచింది. గాజు భూగోళాన్ని, దాని కింద బంగారు అక్షరాలను ఒక్కొక్కటిగా, పొందిగ్గా తుడిచింది.

“అది రాదమ్మా,” అంది వెనక్కి తిరగకుండానే. “ఏడు మార్కుల పిల్ల. మీ బాబుకు ఏం చెప్తది?”