సీరియల్లో లొసుగు, అటక మీద రుజువు

"రాజోలు చుట్టుపక్కల ఇంకా నేరమన్నది బతికి ఉందంటే, అది నా కంట పడకపోబట్టే!" అని ప్రకటించేరు సూర్యప్రకాశరావు గారు, కాఫీ గ్లాసు కింద పెడుతూ.

భార్య వీరవేణికి అర్థమైపోయింది. ఆయన ఇలా మాట్లాడేరంటే రాత్రి టీవీలో డిటెక్టివ్ సీరియల్ చూసేరన్నమాట. ఏవో పాత నవలల్ని తీసుకుని అల్లుతున్న సీరియలది. ఆవిడ కథ చూస్తుంది, ఆయన లొసుగులు చూస్తారు.

కానీ ఇవాళ ఇంట్లోనే కేసు పడింది. తెల్లారితే వరలక్ష్మీ వ్రతం. కలశం మీది కొబ్బరికాయకి కట్టే అమ్మవారి వెండి ముఖం కనబడటం లేదు. బీరువా, దేవుడి గూడు, బియ్యం డబ్బా అన్నీ వెతికేసేరు.

"పక్కింటి శారోన్ టీచర్ మొన్న సంచితో వచ్చింది, ఉత్త చేతుల్తో వెళ్ళింది. అనుమానం రావాలా, వద్దా?"

"ఆ సంచిలో మనకి దొండకాయలు తెచ్చిందండీ! ఆ పిల్లని ఒక్క మాటన్నారంటే ఊరుకోను."

ముఖం దొరక్కపోతే పసుపు ముద్దతో చేసుకోవచ్చు. ఆ పిల్ల మనసు విరిగితే దేంతో అతకాలి?

అంతలో శారోనే వచ్చింది, వ్రతానికని కనకాంబరాలు పట్టుకుని.

"కూర్చోమ్మా. అడిగినదానికి సూటిగా చెప్పు," గొంతు బొంగురు చేసేరాయన.

"ఆయ్, అడగండి బాబాయ్ గారూ. రాత్రి సీరియల్ గురించేనా? హంతకుడు అటక మీద నక్కడం భలే ఉంది కదండీ!"

అంతే, వెండి ముఖం ఆయన బుర్రలోంచి ఎగిరిపోయింది.

"భలేనా? కింద పోలీసులు, పైన మనిషి. చిన్న చప్పుడైనా అవదా? అదేనమ్మా లొసుగు!"

"నవల్లోనూ అంతేనండీ. మెల్లిగా అడుగేస్తే అవదంట."

"నవలైతే నమ్మెయ్యాలా? రుజువు చేస్తాను. వేణీ, నిచ్చెన!"

వద్దన్నా వినలేదు. అటకంతా ఎండుకొబ్బరి కురిడీల కోసం ఎండబెట్టిన కొబ్బరికాయలు. ఆయన ఒక అడుగు వేసేరో లేదో, గుట్ట కదిలి కాయలు దబదబా కిందపడ్డాయి.

"విన్నారా చప్పుడు!" పైనుంచి విజయగర్జన.

కింద వినేవాళ్ళెవరూ లేరు. శారోన్ కాళ్ళ దగ్గరికి దొర్లొచ్చిన కాయకి రవికెల గుడ్డ చుట్టి ఉంది. విప్పితే, అమ్మవారు నవ్వుతోంది.

పోయినేడు వ్రతమయ్యేక, నడుం పట్టేసి పడుకున్న వీరవేణి బదులు పీట మీదివన్నీ సర్దింది ఆయనే. ఏ కాయ కనబడినా అటకెక్కించే చెయ్యి మరి, కలశం కాయని ముఖంతో సహా ఎక్కించేసింది.

వీరవేణి ముఖాన్ని కళ్ళకద్దుకుంది. "ఏడాదంతా మా నెత్తి మీదే ఉన్నావు తల్లీ, ఒక్క కేక వెయ్యకూడదా?"

"కేసు తేలిపోయింది!" అన్నారు పైనుంచి డిటెక్టివ్ గారు. "దొంగెవరన్నది మాత్రం... నవల్లో ఆఖరి పేజీ చిరిగిపోయిందనుకోండి."

"పిన్ని గారూ," అంది శారోన్ మెల్లిగా, నిచ్చెనకి ఒక వైపు పట్టుకుని, "రేపు సర్దేటప్పుడు బాబాయ్ గారు పైనే ఉంటే మంచిదేమోనండీ."

వీరవేణి ఒక్క క్షణం ఆలోచించి, నిచ్చెన తీసెయ్యడానికి రెండో వైపు పట్టింది.